మతిమరపు వంశంలో వస్తుందా?



మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు, సర్వీసు రోజుల జ్ఞాపకాలు నాలుగు వ్రాసి ఇద్దామనుకున్నాను. తీరా కలం పట్టుకున్నాక మనసు జ్ఞాపకాల మీదికి పోలేదు, జ్ఞాపకం పోవడం మీదికి పోయింది. అందుకు కారణం మా అన్నయ్య.

అన్నయ్యా నేనూ ఇద్దరమూ ఆర్.ఎం.ఎస్.లో సార్టర్లుగా పనిచేసినవాళ్ళమే. రాత్రంతా రైలు పెట్టెలో గూళ్ళ ముందు నిలబడి ఉత్తరాలు విడదీయడం మా పని. కవరు మీద ఊరి పేరు చదవగానే అది ఏ పోస్టాఫీసు కిందికి వస్తుందో, ఆ సంచి ఏ స్టేషన్లో దిగాలో చెయ్యి తనంతట తానే చెప్పాలి. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చేదాకా ఇదంతా నోటికి రావలసిందే. అన్నయ్యకు జిల్లాలకు జిల్లాలు నోటికి వచ్చు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు అర్థంకాని చేతివ్రాత ఏదైనా వస్తే ఆయన దగ్గరికే పట్టుకు వెళ్ళేవారు.

అటువంటి మనిషి డెబ్భై నాలుగో ఏట ఒక సాయంత్రం కూరగాయలకని వెళ్ళి, ఇల్లు ఎటో తెలియక మా వీధి మలుపులోనే నిలబడిపోయారు. తరువాత పేర్లు పోయాయి, మనుషులు పోయారు. చిత్రమేమంటే డ్యూటీ మాత్రం మిగిలింది. "ఈవేళ మెయిలు ఎన్ని గంటలు లేటురా?" అని రోజూ అడిగేవారు. ఒకనాడు పదోసారో పన్నెండోసారో అడిగినప్పుడు, "నువ్వు రిటైరై పదహారేళ్ళయింది అన్నయ్యా, ఇంక మెయిలూ లేదు, గియిలూ లేదు" అని కసిరాను. ఆయన చిన్నపిల్లవాడిలా మొహం చిన్నబుచ్చుకుని గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఆ తప్పు నాది. ఈ వ్యాసం వ్రాయడంలో ఆ తప్పుకు కొంత ప్రాయశ్చిత్తం కూడా ఉన్నదేమో.

2018లో అన్నయ్య పోయారు. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక ఆయన కొడుకు నన్ను పక్కకు పిలిచాడు. "బాబాయ్, ఇది నాకూ వస్తుందా? అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. మీ ఇంట్లో పెద్దాయనకు మతి పోయిందట గదా, అది వంశంలో ఉందా అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చనిపోయింది వాడి తండ్రే కాదు, నా తోడబుట్టినవాడు కూడా. కనుక ఆ ప్రశ్న నాదీ అయింది.

నేను వైద్యుణ్ణి కాను, శాస్త్రవేత్తనూ కాను. మెడిసిన్ చదువుతున్న మా మనవరాలు తెచ్చి ఇచ్చిన కాగితాలు చదివి, అర్థం కానివి ఆమెనే అడిగి తెలుసుకున్నాను. అలా తెలిసిన చరిత్ర ఇది. మన ఇళ్ళలో చాలామందికి ఇదే ప్రశ్న ఉంటుందని నా నమ్మకం.

ఫ్రాంక్‌ఫర్ట్ ఫైలు

ఈ జబ్బు పేరు మనందరం విన్నదే, అల్జీమర్స్. డిమెన్షియా అంటే మతి క్రమంగా క్షీణించే స్థితి. అందుకు కారణాలు అనేకం ఉన్నా, అన్నిటికంటే ఎక్కువగా కనపడేది అల్జీమర్స్ జబ్బు. ఆ పేరు ఒక జర్మన్ వైద్యుడిది. 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని మానసిక వైద్యశాలలో ఆగస్టే డేటర్ అనే 51 ఏళ్ళ గృహిణిని చేర్చారు. డాక్టర్ అలోయిస్ అల్జీమర్ ఆమెను ప్రశ్నలు అడిగి, జవాబులు ఉన్నవి ఉన్నట్లు వ్రాసుకున్నారు. పేరేమిటంటే ఆగస్టే అంది. భర్త పేరేమిటన్నా ఆగస్టే అంది. కాలీఫ్లవరు, పంది మాంసం తింటూ ఏం తింటున్నావంటే పాలకూర అంది.

1906 ఏప్రిల్‌లో ఆమె మరణించింది. అల్జీమర్ ఆమె మెదడును సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, కణాల నడుమ పేరుకున్న మచ్చల వంటి ముద్దలను, కణాల లోపల చిక్కుపడిన దారపు పోగుల వంటివాటిని చూశారు. ఆ ఏడాది నవంబరులో ట్యూబింగెన్ నగరంలో జరిగిన వైద్యుల సభలో ఈ సంగతి చెప్పారు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1910లో క్రేపెలిన్ అనే ప్రసిద్ధ వైద్యుడు తన గ్రంథంలో ఈ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టారు.

కాగితాలతో బ్రతుకు గడిపిన మనబోటివారికి నచ్చే విషయం ఒకటుంది. ఆగస్టే డేటర్ కేసు ఫైలు ఎక్కడుందో దశాబ్దాల పాటు ఎవరికీ తెలియలేదు. 1995లో అది ఫ్రాంక్‌ఫర్ట్ లోనే రికార్డుల మధ్య దొరికింది. అల్జీమర్ చేతివ్రాతతో సహా భద్రంగా ఉంది. రికార్డు సరిగా వ్రాసి పెడితే తొంభై ఏళ్ళ తరువాత కూడా సాక్ష్యం చెబుతుందన్నమాట.

సంఘ పత్రికలో ఒక ప్రకటన

ముద్దలు కనపడ్డాయి సరే, అవి దేనితో తయారయ్యాయి? ఈ సంగతి తేలడానికి దాదాపు ఎనభై ఏళ్ళు పట్టింది. 1984లో అమెరికాలో జార్జి గ్లెన్నర్, ఆయన సహచరుడు వాంగ్ కలిసి ఆ పదార్థాన్ని విడదీశారు. అది అమైలాయిడ్ బీటా అనే చిన్న ప్రోటీను ముక్క. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవారి మెదడులోనూ అదే ఉందని వారు చూపారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి 21వ నంబరు క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటాయి. నలభై ఏళ్ళు వచ్చేసరికే వారి మెదడులో ఈ ముద్దలు కనిపిస్తాయి. అంటే దొంగ జాడ ఆ 21వ క్రోమోజోములోనే ఉండవచ్చునన్న అనుమానం బలపడింది. 1987లో ఈ ప్రోటీనుకు మూలమైన జన్యువు అక్కడే ఉన్నదని తేలింది. దాని పేరు ఎ.పి.పి.

ఇక్కడ ప్రవేశిస్తారు ఈ వ్యాసంలో ముఖ్యమైన శాస్త్రవేత్త జాన్ హార్డీ. 1954లో ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతంలో పుట్టారు. చదివింది జీవరసాయన శాస్త్రం. 1980ల మధ్యలో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రి వైద్య కళాశాలలో చేరారు. 1928లో ఫ్లెమింగ్ పెనిసిలిన్ కనిపెట్టింది కూడా ఆ ఆసుపత్రిలోనే. ఈ జబ్బు తరతరాలుగా వస్తున్న కుటుంబాలు దొరికితే తప్ప జన్యువు జాడ తెలియదని హార్డీ బృందానికి తెలుసు. అటువంటి కుటుంబాలను వెదకడమెలా? అక్కడి అల్జీమర్స్ రోగుల సంఘం పత్రికలో ఒక చిన్న ప్రకటన వేశారు. మనం ఇప్పుడు చేతిలో పట్టుకున్నటువంటి పత్రికే అనుకోండి.

ఆ ప్రకటన నాటింగ్‌హామ్‌లో ఉండే కేరొల్ జెన్నింగ్స్ అనే యువతి కంటపడింది. ఆమె తండ్రికీ, ఆయన తోబుట్టువుల్లో మరికొందరికీ యాభైల వయసులోనే మతి పోయింది. 1986లో ఆమె పరిశోధకులకు ఉత్తరం వ్రాసింది. తమ కుటుంబంలో ఇంతమందికి రావడం యాదృచ్ఛికం కాదనీ, తమవారు పరిశోధనకు ఉపయోగపడవచ్చుననీ ఆ ఉత్తరం సారాంశం. మూడున్నర దశాబ్దాల సర్వీసులో నా చేతుల మీదుగా లక్షల ఉత్తరాలు వెళ్ళి ఉంటాయి. వాటిలో ఏది ఎవరి బ్రతుకు మార్చిందో మనకు తెలియదు. ఈ ఉత్తరం మాత్రం వైద్య చరిత్రను మార్చింది.

717వ గూడు

ఆ కుటుంబం వారు రక్త నమూనాలు ఇచ్చారు. జబ్బు వచ్చినవారివి, రానివారివి కూడా. ఆ తరువాత నాలుగేళ్ళు పట్టింది. ఎందుకంత ఆలస్యమంటే, అప్పట్లో పరిశోధకులు అనేక కుటుంబాల లెక్కలు కలిపి చూసేవారు. కొన్ని కుటుంబాలలో జాడ 21వ క్రోమోజోములో ఉన్నట్లు కనపడేది, మరికొన్ని కుటుంబాలలో కనపడేది కాదు. అంతా గందరగోళం. నాలుగు ఊళ్ళ ఉత్తరాలు ఒకే సంచిలో పోసి, ఈ సంచి ఏ ఊరిదని అడిగితే ఏం చెబుతాం? జబ్బు లక్షణాలు ఒకటే అయినా, ఒక్కొక్క కుటుంబంలో కారణమైన జన్యువు వేరు కావచ్చునని తరువాత తెలిసింది. నాటింగ్‌హామ్ కుటుంబాన్ని విడిగా చూసినప్పుడు, జబ్బు వచ్చినవారందరూ 21వ క్రోమోజోములో ఒకే భాగాన్ని పంచుకున్నట్లు స్పష్టంగా కనపడింది.

ఇక ఎ.పి.పి. జన్యువును అక్షరం అక్షరం చదివారు. ఈ ప్రోటీను 770 పూసల దండ వంటిది. ఆ కుటుంబంలో జబ్బు వచ్చినవారిలో 717వ పూస మారిపోయి ఉంది. వాలీన్ ఉండవలసిన చోట ఐసోల్యూసీన్ ఉంది. అందుకు కారణం జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా. మా భాషలో చెప్పాలంటే పిన్ కోడ్‌లో ఒక్క అంకె తప్పు పడింది, సంచి మరో ఊళ్ళో దిగిపోయింది. ఎ.పి.పి. దండను శరీరంలోని ఎంజైములు కత్తెరల్లా కత్తిరిస్తాయి. తప్పు పడింది సరిగ్గా ఒక కత్తెర పడే చోటికి దగ్గరలో. అందువల్ల ముక్క రెండు పూసలు ఎక్కువ పొడవుగా తెగడం పెరుగుతుంది. ఆ పొడవు ముక్క జిగటది. అవే ఒకదానికొకటి అంటుకుని ముద్దలుగా పేరుకుంటాయి.

ఈ పరిశోధన 1991 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వచ్చింది. వ్యాసకర్తలలో మొదటి పేరు ఏలిసన్ గోట్ అనే శాస్త్రవేత్తది. హార్డీ బృందంలో ఆమె పాత్ర చాలా పెద్దది. అల్జీమర్స్ జబ్బుకు ఒక నిర్దిష్టమైన జన్యు కారణం చూపడం అదే మొదలు. మరుసటి ఏడాది హార్డీ, హిగ్గిన్స్ కలిసి ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ముందు అమైలాయిడ్ పేరుకుంటుంది, దాని వెంట చిక్కులు, కణాల చావు, మతి పోవడం వరుసగా వస్తాయని. ముప్పై ఏళ్ళకు పైగా ఈ రంగంలో వాదోపవాదాలన్నీ ఆ మాట చుట్టూనే తిరిగాయి.

హార్డీ అక్కడితో ఆగలేదు. 1998లో టావ్ అనే మరో ప్రోటీను జన్యువులోని లోపాలు వేరొక రకం డిమెన్షియాకు కారణమని చూపిన బృందంలోనూ, 2003లో పార్కిన్సన్స్ జబ్బు తరతరాలుగా వస్తున్న ఒక కుటుంబంలో సైన్యూక్లీన్ జన్యువు రెట్టింపు మోతాదులో ఉన్నదని కనుగొన్న బృందంలోనూ ఆయన ఉన్నారు. 2018లో మరి ముగ్గురితో కలిసి బ్రెయిన్ ప్రైజ్ అందుకున్నారు. 2022లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది.

విధి వేరు, అవకాశం వేరు

ఇప్పుడు మా వాడి ప్రశ్నకు దగ్గరగా వచ్చాం. మన ఇళ్ళలో సందేహమంతా ఇక్కడే కనుక నిదానంగా చెబుతాను.

నాటింగ్‌హామ్ కుటుంబంలో వచ్చిన రకం వేరు. ఆ లోపం తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. లోపం సంక్రమించినవారికి జబ్బు దాదాపు తప్పదు, అదీ నడివయసులోనే. 1995లో ఇటువంటివే మరి రెండు జన్యువులు దొరికాయి, ప్రెసెనిలిన్ 1, ప్రెసెనిలిన్ 2 అని. అయితే ఈ మూడు జన్యువుల వల్ల వచ్చే జబ్బు మొత్తం అల్జీమర్స్ కేసులలో నూటికి ఒకటి కూడా ఉండదు.

మిగతా తొంభై తొమ్మిది సంగతి ఏమిటి? 1993లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన ఏలెన్ రోజెస్ బృందం 19వ క్రోమోజోము మీది ఎ.పి.ఒ.ఇ. అనే జన్యువుకు, ముదిమిలో వచ్చే అల్జీమర్స్‌కు సంబంధం ఉన్నదని కనుగొన్నది. ఆ జన్యువులో 2, 3, 4 అని మూడు రకాలు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. పాశ్చాత్య దేశాలవారిలో 4వ రకం ఒకటి ఉంటే ముప్పు రెండు మూడు రెట్లు, రెండూ అవే అయితే పది రెట్ల దాకా పెరుగుతుందని లెక్కకట్టారు. కాని ఇది ముప్పు మాత్రమే. 4వ రకం ఉండి తొంభై ఏళ్ళ దాకా నిక్షేపంగా ఉన్నవారున్నారు. అది లేకుండానే జబ్బు వచ్చినవారూ ఉన్నారు.

అంతేకాదు, జన్యువు మేలు కూడా చేస్తుంది. 2012లో ఐస్‌లాండ్ శాస్త్రజ్ఞులు అదే ఎ.పి.పి. జన్యువులో మరో చోట ఉండే అరుదైన మార్పు అమైలాయిడ్ తయారీని తగ్గించి, జబ్బు నుంచి కాపాడుతుందని చూపారు. ఒకే పుస్తకంలో ఒక అచ్చుతప్పు ముంచితే, మరో అచ్చుతప్పు కాపాడిందన్నమాట.

మన దేశం, మన హైదరాబాదు

ఇవన్నీ సీమదేశాల మాటలు, మన సంగతేమిటని అడగవచ్చు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాలలో 1990లలో మన డాక్టర్లు, అమెరికా వారు కలిసి సర్వే చేశారు. 65 దాటినవారిలో అల్జీమర్స్ సుమారు నూటికి ఒకరికి ఉన్నదని తేలింది. అది ప్రపంచంలోనే తక్కువ లెక్క. అక్కడివారిలో ఎ.పి.ఒ.ఇ. 4వ రకం కూడా అమెరికావారి కంటే తక్కువగా కనపడింది. అలాగని నిశ్చింతగా కూర్చోవడానికి వీల్లేదు. 2023లో ప్రచురితమైన దేశవ్యాప్త అంచనా ప్రకారం 60 దాటిన భారతీయులలో నూటికి 7 మందికి పైగా ఏదో ఒక రకం డిమెన్షియా ఉంది. అంటే సుమారు 88 లక్షల మంది.

హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించారు. రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారికి జబ్బు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైందని వారు చూశారు. చదువురానివారిలో కూడా ఈ తేడా కనపడింది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలగలిపి మాట్లాడుకునే ఊరిలోనే ఈ సంగతి బయటపడటం మనకు సంతోషం. అయితే మా అన్నయ్యకు తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ వచ్చు. అయినా జబ్బు వచ్చింది. ఆ భాషలు రాకపోయి ఉంటే ఇంకా ముందే వచ్చేదేమో, ఎవరు చెప్పగలరు?

మందు మాట

జన్యువు దొరికింది కనుక మందు రేపో మాపో వస్తుందని 1991లో అందరూ ఆశపడ్డారు. అమైలాయిడ్ మీద తయారుచేసిన మొదటి టీకా ప్రయోగాన్ని, కొందరు రోగులకు మెదడు వాపు రావడంతో 2002లో ఆపివేశారు. ఆ తరువాత వరుసగా అనేక మందులు విఫలమయ్యాయి. అసలు అమైలాయిడ్ సిద్ధాంతమే తప్పేమోనన్నవారూ ఉన్నారు. చివరకు 2023 జులైలో లెకానెమాబ్ అనే మందుకు అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. సుమారు 1800 మంది మీద పద్దెనిమిది నెలలు జరిగిన పరీక్షలో, జబ్బు తొలిదశలో ఉన్నవారి క్షీణత నూటికి 27 వంతు నెమ్మదించింది. అది నయం చేయదు, వేగం మాత్రం కొంత తగ్గిస్తుంది. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదమూ ఉంది. ఎ.పి.ఒ.ఇ. 4వ రకం రెండూ ఉన్నవారికి ఆ ప్రమాదం మరీ ఎక్కువ. అద్భుతం కాదు కాని, మూసి ఉన్న తలుపు కొద్దిగా తెరుచుకున్నది.

ఉత్తరం వ్రాసిన కేరొల్ జెన్నింగ్స్ సంగతి చెప్పకుండా ముగించలేను. తనకు ఆ లోపం ఉన్నదో లేదో పరీక్ష చేయించుకోనని ఆమె నిశ్చయించుకుంది. పాతికేళ్ళకు పైగా రోగుల కుటుంబాల తరఫున తిరిగి మాట్లాడింది. చివరకు యాభైల వయసులో తన తండ్రికి వచ్చినదే ఆమెకూ వచ్చింది. 2024 మార్చిలో మరణించింది. ఆమె కోరిక ప్రకారం మెదడును పరిశోధనకు ఇచ్చారు. ఉత్తరం వ్రాసిన మనిషి ఆఖరుకు తనను తానే జవాబుగా పంపినట్లయింది.

మా అబ్బాయికి నేను చెప్పిన జవాబు

అన్నీ చదివి, అన్నయ్యను చూసిన నరాల డాక్టరు గారినీ అడిగి, ఆ ఏడాది సంక్రాంతికి మా అబ్బాయికి ఇలా చెప్పాను. "మీ నాన్నకు జబ్బు వచ్చింది డెబ్భై నాలుగో ఏట. మీ తాతకు గాని, మేనత్తలకు గాని, నాకు గాని లేదు. ఇది నడివయసులో తరతరాలుగా వచ్చే రకం కాదు. తండ్రికి వచ్చింది కనుక నీకు ముప్పు ఇతరుల కంటే కొంచెం ఎక్కువ, అంతే. అది విధి కాదు. సంబంధానికి వచ్చినవాళ్ళ దగ్గర దాచకు. ఉన్నది ఉన్నట్లు చెప్పు." వాడు అలాగే చెప్పాడు. ఒక సంబంధం తప్పిపోయింది. మరుసటి సంబంధంలో పిల్లవాడి తండ్రి అంతా విని, "మా అమ్మకూ చివర్లో ఇంతేనండీ, మేం ఎవరికీ చెప్పుకోలేదు" అని కళ్ళు తుడుచుకున్నారు. ఆ పెళ్ళి 2019లో జరిగింది. ఇప్పుడు నాకొక ముని మనవడు.

మిత్రులారా, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి యాభై, అరవై ఏళ్ళ లోపునే మతి తప్పితే, అప్పుడు జన్యు విషయాలు తెలిసిన వైద్యుణ్ణి కలవడం మంచిది. మిగతావారు పరీక్షల కోసం పరుగెత్తనక్కరలేదు. మతిమరపు కనపడగానే అల్జీమర్సే అనుకోనూ కూడదు. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిను తగ్గినా మతి మందగిస్తుంది, అవి మందులతో బాగుపడతాయి. కాబట్టి ముందు డాక్టరుకు చూపించండి. ప్రపంచ నిపుణుల సంఘం ఒకటి 2024లో లాన్సెట్ పత్రికలో పద్నాలుగు కారణాలు లెక్కించి, వాటిని సరిచూసుకుంటే డిమెన్షియా కేసులలో దాదాపు సగం రాకుండానో, ఆలస్యంగానో చేయవచ్చునని చెప్పింది. రక్తపోటు, చక్కెర వ్యాధి, పొగాకు, కొలెస్ట్రాల్, వినికిడి లోపం, చూపు లోపం, ఒంటరితనం వాటిలో ఉన్నాయి. చెవి మిషను పెట్టుకోవడానికి సిగ్గుపడే మన సభ్యులు ఈ మాట గమనించ ప్రార్థన. నెలకొకసారి మన సంఘం సమావేశానికి రావడం కూడా మందే.

చివరిగా ఒక్క మాట. మీ ఇంట్లో పెద్దవారు అడిగిందే పదిసార్లు అడిగితే, పదకొండోసారి కూడా జవాబు చెప్పండి. "మెయిలు రైట్ టైమే అన్నయ్యా" అని ఒక్క మాట అంటే ఆయన హాయిగా నిద్రపోయేవారు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇక సెలవు.